ఖాళీ ప్లాటులో షటిల్ కోర్టు కొలత తప్పకుండా వేసుకోవడం ఎలా?

వానలు వెనక్కి తగ్గి, నేల గట్టిపడి, సాయంత్రాలు చల్లబడే రోజులు రాగానే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "కాలనీలో ఖాళీ ప్లాటు ఉంది, షటిల్ కోర్టు వేసుకుందామనుకుంటున్నాం, కొలతలు చెబుతారా?" కొలతలు చెప్పడానికి అర నిమిషం చాలు. పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు, నెట్టు ఎత్తు మధ్యలో 5 అడుగులు. అయితే ఈ మూడు అంకెలు రాసుకుని వెళ్లినవారిలో చాలామంది వారం తిరగకముందే మళ్లీ వచ్చి, కోర్టు వంకరపోయిందనో, నెట్టు మధ్యలో జారిపోతోందనో, లైటు కళ్లలో కొడుతోందనో చెబుతుంటారు. అంకెలు తెలిసినంత మాత్రాన కోర్టు రాదు. వాటిని నేల మీదికి దించే పద్ధతి తెలియాలి. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

నేను వేసిన మొదటి కోర్టు కూడా వంకరదే. నాలుగు వైపులా టేపు పెట్టి కొలిచాం, నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. పది రోజుల పాటు ప్రతి ఆటలోనూ ఒకే మూల దగ్గర "లోపల", "బయట" అన్న గొడవ నడిచాక, పక్క ఇంటి పని చేస్తున్న మేస్త్రి ఒకాయన వచ్చి "మూలమట్టం చూశారా?" అని అడిగాడు. చూడలేదు. మూల నుంచి మూలకు కొలిస్తే ఒక కర్ణం 49 అడుగులు వచ్చింది, రెండోది 47 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. భుజాలు సరైనవే గాని, కోర్టు మొత్తం ఒక పక్కకు ఒరిగిన చతుర్భుజమై కూర్చుంది.

స్థలం సరిపోతుందా?

కోర్టు 44 అడుగులే అయినా, వెనక్కి పరుగెత్తే ఆటగాడికి గీత దాటిన తర్వాత కూడా నాలుగైదు అడుగుల జాగా ఉండాలి. 30 × 60 అడుగుల 200 గజాల ప్లాటులో కోర్టును మధ్యలో వేస్తే రెండు చివర్లలో 8 అడుగులు, రెండు పక్కల 5 అడుగులు మిగులుతాయి. ఇంతకన్నా హాయైన అమరిక వీధి ఆటకు అవసరం లేదు. అదే 200 గజాలు 36 × 50 కొలతలో ఉంటే చివర్లలో 3 అడుగులే మిగులుతాయి కాబట్టి, ప్రహరీ గోడ ఉన్న వైపు ఆడేవారు గోడను గుద్దుకునే ప్రమాదం ఉంటుంది. 30 × 45 ఉన్న 150 గజాల ప్లాటులో పూర్తి కోర్టు పెట్టాలని ప్రయత్నించవద్దు. సెంట్లలో లెక్క చెప్పుకునేవారికి 5 సెంట్లు అంటే 242 గజాలు. కొలతలు మరీ సన్నగా లేకపోతే ఆ స్థలం బాగా సరిపోతుంది.

డాబా మీద వేయవచ్చా అని కూడా అడుగుతారు. వద్దనే చెబుతాను. షటిల్ కాక్ మీద చూపు నిలిపి వెనక్కి నడిచే ఆట ఇది, పిట్టగోడ నడుము ఎత్తు కూడా లేని డాబాలే మన దగ్గర ఎక్కువ.

ప్లాటు ఎవరిదో కనుక్కుని, యజమాని అనుమతి తీసుకున్న తర్వాతే గునపం దించండి. ఫోనులో ఒక్క మాట అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు. ముళ్లకంపలు కొట్టి స్థలం శుభ్రం చేసి పెడతామంటే సంతోషిస్తారు కూడా. అడగకుండా సిమెంటు పోస్తే మాత్రం గొడవవుతుంది.

కావలసినవి

100 అడుగుల కొలత టేపులు రెండు ఉండాలి. ఒకదానితోనూ పని అవుతుంది గాని, రెండు ఉంటే మూలలు కట్టే పని పది నిమిషాల్లో ముగుస్తుంది. వీటితో పాటు పురికొస ఒక ఉండ, ఆరంగుళాల మేకులు ఇరవై, సుత్తి, పార, దిమ్మిస, కాస్త ముగ్గుపిండి తెచ్చుకోండి. మట్టి నేల అయితే ఒకటిన్నర అంగుళం వెడల్పున్న నవారు 100 మీటర్లు, దాన్ని బిగించడానికి మూడేసి అడుగులకు ఒకటి చొప్పున మరో 110 మేకులైనా, సిమెంటు నేల అయితే ఒక లీటరు తెల్ల రంగు, అతికించే కాగితపు టేపు కావాలి. స్తంభాలకు 7 అడుగుల ఇనుప గొట్టాలు రెండు, పైన తెల్ల పట్టీ ఉన్న 20 అడుగుల నెట్టు, దాన్ని బిగించడానికి గట్టి నైలాన్ తాడు తీసుకోండి. వీటికి తోడు సరిగ్గా 5 అడుగులకు కోసిన ఒక వెదురు కర్ర సిద్ధం చేసుకోండి. దాని ఉపయోగం నెట్టు దగ్గర తెలుస్తుంది.

నవారు 100 మీటర్లు ఎందుకంటే, కోర్టులోని గీతలన్నీ కలిపితే 327 అడుగులు, అంటే సుమారు 100 మీటర్లు అవుతాయి. దుకాణంలో చిన్న చుట్టలు దొరికితే, మూలల దగ్గర మడతకు పోయే భాగాన్ని లెక్కలో వేసుకుని ఒక చుట్ట అదనంగా కొనండి.

1. నేల సిద్ధం చేయండి

గరికను, తుంగను పారతో చెక్కేసిన తర్వాత నేల మీద చేత్తో తడిమి చూడండి. పల్లేరు కాయలు కంటికి కనిపించవు, కాలికి మాత్రం వెంటనే తెలుస్తాయి. ఒకటి రెండు రోజులు వరుసగా ఊడ్చి, ఏరి పారేయక తప్పదు. గుంటలున్న చోట ఎర్రమట్టి గాని మొరం గాని పోసి, సాయంత్రం నీళ్లు చల్లి, మర్నాడు తడి ఆరీ ఆరకముందు దిమ్మిసతో కొట్టండి. బాగా తడిగా ఉన్నప్పుడు కొడితే మట్టి దిమ్మిసకు అంటుకుని లేచిపోతుంది, పూర్తిగా ఎండాక కొడితే పొడి రాలుతుంది. పిడికిట పట్టిన మట్టి ముద్ద కట్టి, చేతికి తడి అంటకుండా ఉంటే అదే సరైన సమయం.

ఇసుక పోయకండి. మెత్తగా ఉంటుందని చాలామంది పోస్తారు, కాని పక్కకు ఒక్కసారిగా తిరిగినప్పుడు కాలు జారి మడమ మెలిపడేది ఆ ఇసుక మీదే.

2. దిక్కు నిర్ణయించండి

కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే ఉదయం ఒక జట్టుకు, సాయంత్రం రెండో జట్టుకు ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. ప్లాటు ఆకారం అందుకు ఒప్పుకోకపోతే, ఎండ ఉన్న వేళ ఆడటం మానుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

3. నాలుగు మూలలు కట్టండి

ఈ పనంతటిలో నిదానంగా చేయవలసిన ఘట్టం ఇదే. ఇక్కడ అరగంట ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

ముందుగా వెనుక గీత ఉండవలసిన చోట ఒక మేకు కొట్టి, దాన్ని మొదటి మూల అనుకోండి. అక్కడి నుంచి సరిగ్గా 20 అడుగుల దూరంలో రెండో మేకు కొట్టండి. ఇప్పుడు ఒక టేపు సున్నాను మొదటి మేకుకు, మరో టేపు సున్నాను రెండో మేకుకు తగిలించి, రెండు టేపులనూ కోర్టు పొడవు వైపు లాగండి. మొదటి టేపు మీద 44 అడుగుల గుర్తు, రెండో టేపు మీద 48 అడుగుల 4 అంగుళాల గుర్తు ఎక్కడ కలుస్తాయో అక్కడ, మొదటి మూలకు ఎదురుగా, మూడో మూల వస్తుంది. తర్వాత మొదటి మేకు నుంచి 48 అడుగుల 4 అంగుళాలు, రెండో మేకు నుంచి 44 అడుగులు పట్టుకుంటే నాలుగో మూల దొరుకుతుంది. చివరగా మూడో, నాలుగో మూలల మధ్య దూరం కొలవండి. అది 20 అడుగులు రావాలి; అర అంగుళం వరకు తేడా ఉంటే వదిలేయండి, అంతకు మించితే మళ్లీ మొదటి నుంచి కట్టండి.

మీ దగ్గర ఒకటే టేపు ఉంటే మేస్త్రీల పద్ధతి ఉంది. మొదటి మూల నుంచి వెడల్పు వైపు 12 అడుగుల దగ్గర, పొడవు వైపు 16 అడుగుల దగ్గర గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 20 అడుగులు వచ్చేవరకు పొడవు దారాన్ని జరపండి. 3, 4, 5 అడుగులతోనూ ఇదే పని చేయవచ్చుగాని, చిన్న కొలతలో జరిగిన అర అంగుళం తప్పు 44 అడుగులు వెళ్లేసరికి అరచేతి వెడల్పు దాటుతుంది. అందుకే పెద్ద కొలతనే పట్టుకోండి.

టేపును నేల మీద పరచి కొలవండి, గాలిలో పట్టుకోకండి. బట్ట టేపులు పాతబడితే సాగుతాయి కాబట్టి, రెండు టేపులను పక్కపక్కన పెట్టి ఒకసారి సరిపోల్చుకోవడం మంచిది.

4. లోపలి గీతలకు గుర్తులు పెట్టండి

నాలుగు మూలల మేకులకు పురికొస చుట్టి గట్టిగా లాగితే బయటి హద్దు తయారవుతుంది. గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు. అది పురికొసకు లోపలి వైపే పడాలి, ఎందుకంటే 44, 20 అన్న కొలతలు గీత బయటి అంచు వరకు చెప్పినవి. గీత మీద పడిన కాక్ లోపల పడినట్టే లెక్క అన్న నియమం ఇక్కడి నుంచే వస్తుంది.

పొడవు గీతల మీద 22 అడుగుల దగ్గర నెట్టు స్థానాన్ని గుర్తించండి. అక్కడి నుంచి రెండు వైపులా 6 అడుగుల 6 అంగుళాల దగ్గర ముందు సర్వీసు గీత వస్తుంది. వెనుక గీత నుంచి లోపలికి రెండున్నర అడుగుల దగ్గర డబుల్స్ వెనుక సర్వీసు గీత వస్తుంది. పక్క గీతల నుంచి లోపలికి ఒకటిన్నర అడుగు దగ్గర, కోర్టు పొడవునా, సింగిల్స్ పక్క గీతలు వస్తాయి. వాటి మధ్య వెడల్పు 17 అడుగులు ఉండాలి. ముందు సర్వీసు గీత మధ్య నుంచి వెనుక గీత వరకు, పక్క గీతలకు సరిగ్గా 10 అడుగుల దూరంలో, నడిమి గీత గీయండి.

ఇక్కడ రెండు పొరపాట్లు పదే పదే కనిపిస్తాయి. మొదటిది, నడిమి గీతను నెట్టు వరకు లాగడం. నెట్టుకు, ముందు సర్వీసు గీతకు మధ్య ఏ నడిమి గీతా ఉండదు. రెండోది, వెనుక సర్వీసు గీతను సింగిల్స్‌కు కూడా వర్తింపజేయడం. సింగిల్స్ సర్వీసు కోర్టు చివరి గీత దాకా వెళ్లవచ్చు. రెండున్నర అడుగుల పట్టీ డబుల్స్ సర్వీసుకు మాత్రమే నిషిద్ధం.

5. గీతలు వేయండి

మట్టి నేల మీద నవారే ఉత్తమం. పురికొస వెంట పరచి, గట్టిగా లాగి, మూడేసి అడుగులకు ఒక మేకు కొట్టండి. మేకు తల నవారులోకి దిగి నేలకు సమంగా ఉండాలి. వేలితో రాసినప్పుడు తగలకూడదు. చెప్పులు విప్పి ఆడే పిల్లలు మీ కోర్టులో తప్పకుండా ఉంటారు.

నవారు ఖర్చు వద్దనుకుంటే ముగ్గుపిండితో గీయవచ్చు. అడుగున చిల్లులు పెట్టిన డబ్బాలో పోసి, పురికొస వెంట తడుతూ నడిస్తే గీత నిండుగా పడుతుంది. రెండు రోజులకొకసారి మళ్లీ వేయవలసి ఉంటుంది, అదొక్కటే ఇబ్బంది. పొడి సున్నం మాత్రం వాడకండి. అడుగుల తాకిడికి లేచిన దుమ్ము కంట్లో పడితే కన్ను దెబ్బతినే ప్రమాదం ఉంది.

సిమెంటు నేల అయితే ముందు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గీతకు రెండు అంచుల వెంట కాగితపు టేపు అతికించి, మధ్యలో పలుచని పూతలు రెండు వేయండి. గీతల మొత్తం వైశాల్యం 4 చదరపు మీటర్లే కాబట్టి ఒక లీటరు రంగు సాధారణంగా రెండు పూతలకూ సరిపోతుంది. గరుకు నేల మరికొంత తాగుతుంది. రెండో పూత పచ్చిగా ఉండగానే టేపు లాగేయండి, ఎండాక లాగితే రంగు అంచులు పెచ్చులుగా ఊడతాయి. నున్నటి రంగు మీద మంచు పడితే కాలు జారుతుంది. చివరి పూతలో చిటికెడు సన్న ఇసుక చల్లుకుంటే ఆ బాధ ఉండదు.

6. స్తంభాలు నిలపండి

స్తంభాలు డబుల్స్ పక్క గీత మీదే నిలబడాలి. నేల నుంచి స్తంభం ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. 7 అడుగుల గొట్టం తీసుకుంటే 1 అడుగు 11 అంగుళాలు నేలలోకి పోతుంది, కంకర సిమెంటు పోస్తే ఆ లోతు బాగా పట్టుకుంటుంది. పోసిన వెంటనే నెట్టు కట్టకండి, వారం పాటు నీళ్లు పట్టండి.

ప్లాటు మీది కానప్పుడు, స్తంభాలు తీసి పెట్టుకునేలా ఉండాలి. గొట్టం కన్నా కాస్త లావైన గొట్టం ముక్కను నేలలో పాతి, స్తంభాన్ని అందులో దింపడం ఒక దారి. ఇంకో దారి, 20 లీటర్ల ఖాళీ రంగు బకెట్లో గొట్టాన్ని నిలబెట్టి కాంక్రీటు పోయడం. ఒక్కొక్కటి దాదాపు 48 కిలోలు తూగుతుంది. అయినా నెట్టు లాగుడుకు అది లోపలికి వాలుతుంది కాబట్టి, స్తంభం పైభాగం నుంచి బయటి వైపు నేలకు ఒక తాడు లాగి గూటానికి కట్టాలి. ఆ తాడుకు తెల్ల గుడ్డ పీలికలు వేలాడదీయండి, లేకపోతే చీకట్లో ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. బకెట్టు స్తంభం వాడేవారు ఎత్తును బకెట్టు పై అంచు నుంచి కొలవడం నేను చాలా చోట్ల చూశాను. ఎత్తు ఎప్పుడూ నేల నుంచే.

7. నెట్టు బిగించండి

నెట్టు ఎత్తు స్తంభాల దగ్గర 5 అడుగుల 1 అంగుళం, మధ్యలో 5 అడుగులు. అంటే అంగుళం పల్లం ఉండవలసిందే. అంతకు మించి జారితేనే తప్పు. నెట్టుతో వచ్చే సన్నని తాడు రెండు రోజుల్లో సాగిపోతుంది, దాన్ని తీసేసి నైలాన్ తాడు ఎక్కించండి. ఒక స్తంభానికి ముడి వేసి, రెండో స్తంభం దగ్గర తాడును వెనక్కి తిప్పి తాడులోనే వేసిన ఉచ్చులోంచి లాగితే, లారీల మీద సరుకు బిగించేటప్పుడు వచ్చే పట్టు వస్తుంది. ఇప్పుడు ఆ 5 అడుగుల వెదురు కర్రను నెట్టు మధ్యలో నిలబెట్టండి. పట్టీ పై అంచు కర్ర కొనకు సమంగా ఉంటే సరిపోయింది. కర్రను స్తంభానికి కట్టి ఉంచి, రోజూ ఆట ముందు ఒకసారి నిలబెట్టి చూసుకోండి.

స్తంభానికి, నెట్టు అంచుకు మధ్య సందు వదలకండి. కాక్ ఆ సందులోంచి దూరితే పాయింటు ఎవరిదన్న వాదన తెల్లవార్లూ తేలదు.

8. లైట్లు పెట్టదలచుకుంటే

లైట్లను కోర్టు వెనుక పెట్టవద్దు. ఎత్తుగా వచ్చిన కాక్‌ను చూడటానికి తల ఎత్తిన ప్రతిసారీ లైటు కళ్లలో పడి, ఒకటి రెండు క్షణాలు ఏమీ కనిపించదు. నెట్టుకు సూటిగా, పక్క గీతలకు బయట నాలుగైదు అడుగుల దూరంలో, రెండు వైపులా ఒక్కో స్తంభం నిలిపి, కనీసం 15 అడుగుల ఎత్తున ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు బిగించండి. వైపుకు రెండు చొప్పున పెట్టి, ఒకటి ఒక సగానికి, రెండోది మరో సగానికి తిప్పితే నీడలు తగ్గుతాయి.

కరెంటు విషయంలో సర్దుబాట్లు వద్దు. వీధి స్తంభానికి కొక్కెం తగిలించడం నేరం, ప్రాణాపాయం కూడా. ఒప్పుకున్న ఇంటి నుంచి, ఎర్తింగు ఉన్న ప్లగ్గు నుంచి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ దాటి వచ్చిన తీగనే వాడండి. అతుకులు లేని తీగ తీసుకుని, నేల మీద పరచకుండా పైనుంచి లాగండి, బిగింపు పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. విద్యుత్ లైన్ల కింద లైటు స్తంభం ఎత్తే ఆలోచనే రానివ్వకండి. వాన పడి నేల తడిగా ఉన్న రోజు స్విచ్చి వేయవద్దు.

కోర్టు సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

మొదట రెండు కర్ణాలు కొలవండి. రెండూ 48 అడుగుల 4 అంగుళాలు ఉండాలి. తర్వాత సగం కోర్టు కర్ణాలు, అంటే వెనుక మూల నుంచి ఎదురు స్తంభం వరకు కొలిస్తే 29 అడుగుల 9 అంగుళాలకు కాస్త తక్కువగా రావాలి. ఇవి సరిపోయి, గీతలు మాత్రం ఎక్కడో తేడాగా అనిపిస్తుంటే డబుల్స్ సర్వీసు పెట్టె పొడవు చూడండి: ముందు సర్వీసు గీత నుంచి వెనుక సర్వీసు గీతకు 13 అడుగులు. పన్నెండున్నరో పదమూడున్నరో వచ్చిందంటే, నెట్టు స్థానాన్ని 22 అడుగుల దగ్గర కాకుండా మరోచోట గుర్తించి ఉంటారు.

లైట్లను పరీక్షించడానికి ఒకరిని వెనుక మూలలో నిలబెట్టి, అవతలి నుంచి పది కాక్‌లు ఎత్తుగా కొట్టండి. రెండు మూడు లైటులో కలిసిపోయి కనబడకుండా పోతే, దీపం మూతిని కిందికి వంచి మళ్లీ చూడండి.

కాక్, గాలి

ఆరుబయట ఈక కాక్ కొనడం డబ్బు వృథా అని నా అభిప్రాయం. మట్టి నేల మీద, గాలిలో, అది ఒక ఆట కూడా నిలవదు. నైలాన్ కాక్‌లలో బెండు చుట్టూ ఉన్న పట్టీ రంగు వేగాన్ని చెబుతుంది: పచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. వేడి గాలిలో కాక్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మన వేసవికి పచ్చ పట్టీ, చలికాలపు రాత్రులకు నీలం సరిపోతాయి. అనుమానం ఉంటే గాలి లేని వేళ వెనుక గీత మీద నిలబడి, కింది నుంచి పూర్తి బలంతో, పక్క గీతకు సమాంతరంగా కొట్టి చూడండి. అవతలి వెనుక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడితే ఆ కాక్ వేగం సరైనది.

గాలికి మందు లేదు. తెల్లవారుజామున, పొద్దుగుంకాక గాలి సాధారణంగా పడిపోతుంది, ఆ వేళలనే ఎంచుకోండి. స్తంభానికి ఒక నూలుపోగు కట్టి, అది అడ్డంగా లేచిపోతుంటే పాయింట్లు లెక్కపెట్టకుండా ఊరికే ఆడుకోండి. గాలి ఒకే వైపు నుంచి వీస్తుంటే మేము ప్రతి ఆటలోనూ 11 పాయింట్ల దగ్గర వైపులు మారతాం. నిబంధనల్లో అలా మారేది మూడో ఆటలోనే అయినా, వీధిలో ఇదే న్యాయంగా ఉంటుంది. మీ స్థలం చెరువు గట్టు మీదో సముద్రం ఒడ్డునో ఉండి గాలి ఎప్పుడూ ఆగకపోతే, షటిల్ వదిలి ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్‌కు మారండి. దానికి 24 × 12 మీటర్ల స్థలం, జట్టుకు ఐదుగురు మనుషులు కావాలి.

వానాకాలంలో

మొదటి పెద్ద వానకు ముందే నెట్టు విప్పి, ఆరబెట్టి, కర్రకు చుట్టి లోపల పెట్టండి; ముద్దగా చుట్టి సంచిలో కుక్కితే ఎలుకలు కొరుకుతాయి. నవారు కూడా ఊడదీసి ఎండలో వేయండి. మూలల్లోని నాలుగు మేకులను మాత్రం పీకకుండా, తలలు నేలకు రెండు అంగుళాల లోపలికి దిగేలా కొట్టి, పైన మట్టి కప్పండి. ప్రహరీ గోడ నుంచి ఒక్కొక్క మేకు ఎంత దూరంలో ఉందో ఫోనులో రాసుకుంటే, వచ్చే ఏడు కర్ణాలు కట్టే పని ఉండదు.

ఆ రెండు మూడు నెలలు మా జట్టు టీవీ ముందుకు చేరుతుంది. 2022లో వచ్చిన వీడియో గేమ్ నింటెండో స్విచ్ స్పోర్ట్స్‌లో షటిల్ కూడా ఉంది. చేతిలో కంట్రోలర్ పట్టుకుని నిజంగానే చెయ్యి విసరాలి. గాలి ఉండదు, నెట్టు జారదు, గీత మీద గొడవా ఉండదు. నాలుగో రోజుకే ఎవరో ఒకరు కిటికీ దగ్గరికి వెళ్లి, నేల ఆరిందా లేదా అని చూసి వస్తుంటారు. ఆరిందో లేదో కిటికీలోంచి తెలియదు. ప్లాటులోకి వెళ్లి మడమతో గట్టిగా నొక్కండి. గుంట పడితే ఇంకా రెండు రోజులు ఆగాలి.